చూసినవాళ్ల వరుసలో జయంతి పేరు

నల్లమాడ బస్టాండుకు ఎదురుగా, టీ అంగడికీ ఎరువుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది జయంతి జెరాక్స్ షాపు. లోపల ఒక మిషను, ఒక పాత కంప్యూటరు, ఒక ఫ్యాను. ఇద్దరు లోపలికొస్తే మూడో మనిషి ఎండలో నిలబడాల్సిందే. ఆధార్ కాగితాలనీ పంట బీమా అనీ పిల్లల హాల్‌టికెట్లనీ చుట్టుపక్కల పల్లెలన్నీ ఏదో ఒక పని మీద ఆ గుమ్మం తొక్కుతాయి. కాగితం మిషనులోంచి బయటికొచ్చేలోగా ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటారు. జయంతి వింటుంది. ఒకరి దగ్గర విన్నది ఇంకొకరి దగ్గర అనదు. అందుకే జనానికి ఆమె అంటే గురి.

కదిరి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే నందిని ఒకరోజు పొద్దున్నే ఆ షాపుకు వచ్చింది. చేతిలో ఒక పోస్టరు. వంద కాపీలు కావాలంది. మిషను మీద కాగితం పెడుతూ జయంతి దాన్ని చదివింది. 'మీ పొలంలో వేసిన బోరు వివరం నీటిజాడలో రాయండి. నీళ్లు పడినా రాయండి, పడకపోయినా రాయండి' అని ఉంది.

"పడకపోయినవి ఎందుకు మేడం? బోరు ఎండిపోయిందని ఎవరన్నా చెప్పుకుంటారా?" అని అడిగింది జయంతి.

"మాకు కావాల్సిందే అది. నీళ్లు పడిన చోటు ఊరందరికీ తెలుసు. దుమ్ము లేచిన చోటు మాత్రం ఎవరూ నోరిప్పి చెప్పరు. పక్క చేనాయన వచ్చి మళ్లీ ఆ బండమీదే బోరు దింపుతాడు."

నీటిజాడ అంటే ఇంటర్నెట్‌లో ఒక పటం. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. నందిని లాంటివాళ్లు నలుగురైదుగురు కలిసి మొదలుపెట్టారంతే. ఫోను ఉన్న ఎవరైనా తమ బోరు ఎక్కడ వేశారో, ఎంత లోతు పోయిందో, నీళ్లు వచ్చాయో లేదో అందులో రాయవచ్చు. తప్పు కనబడితే ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు ఏం రాశారో, ఎవరు ఎప్పుడు మార్చారో కిందనే కనబడుతూ ఉంటుంది. ఏదీ మాయమైపోదు. మాట్లాడుకోవడానికి ప్రతి బోరుకూ ఒక చర్చ పేజీ ఉంటుంది. ఆ పక్కనే 'చూసినవాళ్లు' అని ఒక వరుస ఉంటుంది. బోరు దగ్గరికి పోయి కళ్లారా చూసినవాళ్లు అక్కడ తమ పేరు పెట్టాలి.

ఆ మాటలు జయంతి మనసులో నాటుకున్నాయి. వాళ్ల చేన్లో మామ ఒక బోరు, భర్త ఎర్రన్న రెండు బోర్లు వేశారు. మూడూ ఎండిపోయాయి. ఆఖరిది వేసినరోజు బోరు బండి లేపిన తెల్లటి దుమ్ము, పనివాళ్ల కోసం తెచ్చిన సంకటి మీద మందంగా పరుచుకుంది. అది తినలేక పారబోస్తుంటే, గట్టు అవతల తన చేన్లో తనూ అంతకుముందే బోరు వేసి చెడిపోయానని పక్క చేనాయన అప్పుడు బయటపెట్టాడు. సిగ్గుపడి అన్నాళ్లూ 'కొద్దిగా తడి వచ్చింది' అని చెప్పుకుంటూ తిరిగాడట.

ఆ సాయంత్రమే జయంతి తమ బోర్లు మూడింటినీ నీటిజాడలో రాసింది. ఇంటికి పోయి ఎర్రన్నకు ఫోను చూపించింది.

"ఏమే, మన బోర్లు ఎండిపోయినాయని ఊరూరా చాటింపు వేస్తాండావా?" అని లేచాడు ఎర్రన్న.

"ఊరికి తెల్దా ఏంది? చేన్లో మూడు పైపులు ఎండకు నిలబడుండాయి కదా."

"తెలిసేది వేరే, రాసేది వేరే."

"గట్టు అవతలాయన ఆ పొద్దు నిజం చెప్పింటే నువ్వు మూడోది వేసుందువా?"

ఎర్రన్న మజ్జిగ తాగి, చెంబు కింద పెట్టి, ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "రెండోదాని లోతు తప్పు రాసినావు. ఇంకా కిందికి పోయినాడు బోరు బండివాడు. సరిగ్గా రాయి" అన్నాడు.

మొదట్లో జనం అనుమానపడ్డారు. బోర్ల లెక్క తెలిస్తే కరెంటు కోస్తారేమో అన్నారు కొందరు. ఎవరో కుర్రవాడు తమ బోరులో సోడా వస్తోందని రాశాడు. నందిని దాన్ని కొట్టేయబోతే జయంతి ఆపింది. అతనికి చర్చ పేజీలో 'ఏ కంపెనీది తమ్ముడూ? మేమూ బిందెలు తెచ్చుకుంటాం' అని రాసింది. సిగ్గుపడ్డాడో నవ్వుకున్నాడో గానీ, మరుసటి వారం అతనే వాళ్ల నాయన వేసిన బోరు వివరం సరిగ్గా రాసిపెట్టాడు.

జయంతి పద్ధతి ఒకటే. ఎవరైనా షాపుకొచ్చి బోరు సంగతి రాయించుకుంటే, ఆదివారం షాపు కట్టేసి ఎర్రన్న టీవీఎస్ బండి మీద ఆ చేనికి పోతుంది. మోటారు వేయించి నీళ్లు చూస్తుంది. ఆ తర్వాతే పేరు పెడుతుంది. పోనుపోను 'చూసినవాళ్లు' వరుసలో జయంతి పేరుంటే ఇక అడగాల్సిన పని లేదన్న మాట పల్లెల్లో పాకింది.

ఆ పేరు విని ఒకరోజు కేశవరెడ్డి తనంతట తానే షాపుకు వచ్చాడు. పక్క ఊరి పెద్దమనిషి, ఒకప్పుడు సర్పంచిగా చేసినవాడు. ఆయన చీనీ, అదే బత్తాయి తోటలో ఉన్న బోరును రెడ్డి బోరు అంటారు. ఒక కరువు ఏడాది ఊరు ఊరంతా ఆ బోరు దగ్గర బిందెలు నింపుకుందని చెప్పుకుంటారు.

"ఏమ్మా జయంతీ, మా బోరు రాయలేదంట మీ పటంలో?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

"మీరు చెప్పందే ఎట్లా రాస్తాం రెడ్డన్నా?"

ఆయన చెప్పాడు, ఆమె టైపు చేసింది. రెండించుల ధారగా నీళ్లు, ఏడాది పొడుగునా. జయంతికి లోలోపల సంబరంగా ఉంది. కేశవరెడ్డి అంతటివాడు రాయించాడంటే, ఇన్నాళ్లూ వెనకాడిన ఆ ఊరివాళ్లంతా వెంటనే వస్తారు. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా, 'వచ్చి చూసి పేరు పెడతా' అనడానికి నోరు రాలేదు. రెడ్డి బోరును చూసేదేముంది, ఏళ్ల తరబడి అందరూ చూస్తున్నదే కదా అనుకుంది. 'చూసినవాళ్లు' వరుసలో అప్పటికప్పుడే తన పేరు పెట్టేసింది.

రెడ్డి తోటకు ఆనుకుని తిమ్మన్న చేను ఉంది. తిమ్మన్న, అతని భార్య బయమ్మ వానను నమ్ముకుని వేరుశనగ పండించుకునేవాళ్లు. బోరు వేయాలా వద్దా అని చాలాకాలంగా ఊగుతున్నారు. అరచేతిలో టెంకాయ పట్టి భూమిలో నీళ్లెక్కడున్నాయో చెప్పే ఆయన వేయమన్నాడు. అయినా తిమ్మన్న ధైర్యం చేయలేదు. చివరికి కూతురి ఫోనులో నీటిజాడ చూశాడు. పక్కనే రెండించుల నీళ్లు, కింద జయంతి పేరు. బోరు బండిని పిలిపించాడు.

దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

బయమ్మ ఒక్కతే షాపుకు వచ్చింది. షాపు దగ్గర అప్పటికి ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లను చూసి కూడా ఆమె గొంతు తగ్గించలేదు.

"జయంతక్కా, రెడ్డి బోరు నువ్వు చూస్తివా లేదా? అదొక్కటి చెప్పు."

జయంతికి విషయం అర్థమైంది. చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది.

"చూడలేదు బయమ్మా."

"చూడందానివి చూసినానని ఎందుకు రాస్తివి?"

బయమ్మ కాసేపు అలాగే చూసింది. తిట్టి ఉంటే బాగుండునని జయంతికి అనిపించింది. బయమ్మ తిట్టలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని బస్సుల వైపు నడిచి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే జయంతి షాపు మూసి రెడ్డి తోటకు పోయింది. దూరం నుంచి చీనీచెట్లు పచ్చగానే ఉన్నాయి. దగ్గరికి పోతే ఆకులు దొప్పల్లా ముడుచుకున్నాయి. పైకొమ్మలు ఎండి పుల్లలయ్యాయి. బోరు పక్కన ట్యాంకరు చక్రాల జాడలు లోతుగా దిగి ఉన్నాయి. చెట్టుకింద మంచం మీద కూర్చున్న కేశవరెడ్డి ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఎప్పుడు ఎండిపోయింది రెడ్డన్నా?"

"ఎవరు చెప్పినారు నీకు ఎండిపోయిందని?" గద్దించాడు ఆయన.

జయంతి ముడుచుకున్న ఆకుల వైపు చూసింది. కొంతసేపటికి రెడ్డి మళ్లీ మంచం మీద కూలబడ్డాడు.

"పోయిన ఎండాకాలమే నిలిచిపోయింది. చెరువు కింది పొలంలోంచి ట్యాంకర్లు తోలిస్తాండా. ఆ బోరు మా నాయన వేసినాడు తల్లీ. ఊరంతా ఆ నీళ్లు తాగి బతికినారు. అది ఎండిపోయిందని నా నోటితో నేను ఎట్లా చెప్పేది?"

"తిమ్మన్న బోరు వేసేటప్పుడన్నా చెప్పుంటే..."

"చెప్దామనే పోతి. గట్టుదాకా పోతి. బండి చప్పుడు మొదలైపాయ. వెనక్కి వచ్చేస్తి."

ఆయన తల వంచుకున్నాడు. ఆ తలపాగా, ఆ వయసు, ఆ మనిషి అలా కుంగిపోవడం చూసి జయంతికి కోపం నిలవలేదు. నీ తప్పు ఇదీ అని ఆయన్ను నిలదీయడానికి వచ్చింది. తీరా వచ్చాక తన తప్పే కళ్లముందు నిలబడింది.

"నేను నా సంగతి రాసుకుంటా రెడ్డన్నా. మీది మీరు రాసుకోవల్ల. మీ బదులు నేను రాయను" అని చెప్పి వచ్చేసింది.

రాసేముందు నందినికి ఫోను చేసింది. నందిని కంగారుపడింది. "అట్లా బయటపెడితే ఉన్న కొద్దిమందీ పోతారు జయంతీ. నిమ్మళంగా దిద్దేస్తే సరిపోదా?"

"నిమ్మళంగా దిద్దితే బయమ్మకు ఏమని కనబడతాది మేడం? ఇంకా ఏమేం దాచినారో అనుకోదా?"

నందిని ఒప్పుకుంది. "సరే, రాయి. నీ కింద నేనూ రాస్తా, పేరు పెట్టేముందు చూసినారా లేదా అని అడిగే పద్ధతి మేం పెట్టలేదని" అంది.

రెడ్డి బోరు చర్చ పేజీలో జయంతి ఇలా రాసింది: 'ఈ బోరు దగ్గరికి నేను పోలేదు. పోకుండానే చూసినానని పేరు పెట్టినాను. నా పేరు నమ్మి ఒక కుటుంబం బోరు వేసి నష్టపోయింది. నా పేరు ఇక్కడ తీసేస్తున్నాను. నేను పేరు పెట్టిన మిగతా బోర్లన్నింటి దగ్గరికీ మళ్లీ పోతాను. ఏ రోజు చూసినానో, ఏం చూసినానో రాస్తాను. అంతవరకూ నా పేరు నమ్మవద్దు.'

నందిని భయపడినట్టే జరిగింది. కొందరు తమ బోర్ల వివరాలు పటం మీది నుంచి తీసేశారు. టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లు 'జయంతి చూసిన నీళ్లు' అంటూ ఖాళీ గ్లాసులు ఎత్తి నవ్వుకున్నారు. షాపుకు వచ్చేవాళ్లు పని చేయించుకుని మాట్లాడకుండా పోసాగారు. అన్నింటికంటే అదే ఆమెకు ఎక్కువ నొప్పిగా తోచింది.

ఒకరోజు చర్చ పేజీలో ముక్కూ మొహం తెలియని మనిషి ఒకరు రాశారు. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో పనిచేస్తానని, పేరు తిప్పేష్ అని.

'అక్కా, నేను ఈ సైటు మొదటి నుంచీ చూస్తానే ఉండా. ఒక్క అక్షరం రాయలేదు. ఎవరో ఏదో రాసుకుంటారులే, నమ్మేదెట్లా అనుకుంటి. తప్పయిందని పేరు పెట్టి చెప్పేవాళ్లు ఉండారని ఇప్పుడు తెలిసింది. మా ఊర్లో ఎండిపోయిన బోర్లు తిరిగి చూసి నేను రాస్తా. ఫోటోలు కూడా పెడతా.'

అన్నట్టే రాశాడు. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో చేను తిరిగాడు. అతను రాసింది చూసి అటువైపు ఇంకొకరు మొదలుపెట్టారు.

ఇక్కడ జయంతి కూడా మాట తప్పలేదు. ప్రతి ఆదివారం ఎర్రన్న బండి తీసేవాడు. "పెట్రోలు నీ తిరుగుళ్లకే సరిపోతాంది" అని సణుగుతూనే ముందు కూర్చునేవాడు. కొన్నిచోట్ల నీళ్లు తగ్గాయి. ఒకచోట చెక్‌డ్యామ్ నిండి, ఎండిపోయిందనుకున్న బోరు మళ్లీ పోసింది. ఇంకోచోట రైతు, "నమ్మొద్దని నువ్వే రాస్తివి, మళ్లీ ఎందుకొచ్చినావమ్మా?" అని ఎగతాళి చేశాడు. "అందుకే వచ్చినా మామా, మోటారు వెయ్యి" అంది జయంతి. ఆయన నవ్వి స్విచ్చి వేశాడు.

వానలు మొదలయ్యే ముందు, సంతరోజున, కేశవరెడ్డి మళ్లీ షాపుకు వచ్చాడు. బయట జనం కిటకిటలాడుతున్నారు. కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు రమ్మందామా అనుకుంది జయంతి. ఆయన మాత్రం కావాలనే ఆ వేళకు వచ్చినట్టు, గడప దగ్గరే నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు.

"రాయమ్మా. పోయిన ఎండాకాలం నుంచీ ఈ బోరులో నీళ్లు లేవు. ఉండాయని నేనే అబద్ధం రాయించినాను. కేశవరెడ్డి అని నా పేరే పెట్టు."

జయంతి టైపు చేసి ఆయనకు చూపించింది. ఆయన కళ్లద్దాలు సవరించుకుని అక్షరం అక్షరం చదివాడు.

"ముందు రాసింది పోయినట్టేనా ఇంక?"

"పోదు రెడ్డన్నా. కింద ఉంటాది. ఎవరైనా చూడొచ్చు."

ఆయన కొంచెం ఆలోచించాడు. "ఉండనీలే. నా మనవళ్లు కూడా చూసుకోనీ" అన్నాడు.

ఆ మాట ఆ రోజు సంతలో నోళ్లు మారుతూ పోయింది. రెడ్డే ఒప్పుకున్నాక మనకేం సిగ్గు అన్నట్టు, ఎన్నో ఏళ్లుగా నోరు విప్పనివాళ్లు షాపుకు రాసాగారు. ఒకాయన వాళ్ల నాయన కాలం నాటి బోర్లు సైతం గుర్తు చేసుకుని రాయించాడు. వివరాలు తీసేసినవాళ్లు కొందరు మళ్లీ పెట్టారు. నందినివాళ్లు సైటులో చిన్న మార్పు చేశారు. పేరు పెట్టాలంటే ఏ రోజు చూశారో రాయాలి, వీలైతే ఫోటో పెట్టాలి. ఎండాకాలం పోగానే మళ్లీ చూడాలి.

అలా పటం నిండేకొద్దీ ఒక సంగతి తేటపడింది. రెడ్డి తోట నుంచి తిమ్మన్న చేను మీదుగా గుట్టదాకా ఆ వాలంతా ఎర్రచుక్కలే. ఎండిన బోర్లకు ఎర్రచుక్క, నీళ్లున్నవాటికి నీలిచుక్క. చెరువు కింద రెడ్డికే ఉన్న ఇంకో పొలంలో మాత్రం ఒక నీలిచుక్క ఉంది. ఆ వాలులో ఉన్న రైతులు ఫోను చుట్టూ కూర్చుని చాలాసేపు చూశారు. బోరు వేయడానికి సిద్ధపడిన ఇద్దరు ఆగిపోయారు. ఎవరూ అడగకముందే కేశవరెడ్డి, చెరువు కింది బోరు నుంచి తిమ్మన్న చేనిదాకా పైపు వేయించాడు. "నా పంటకు సగం, ఆ వాలుకు సగం. వానకు ఎడం వచ్చినప్పుడు తడుపుకోండి" అన్నాడు. తిమ్మన్న మొదట వద్దన్నాడు. రెడ్డి పక్కన కూర్చుని, "నాకోసం తీసుకోప్పా" అన్నాక ఒప్పుకున్నాడు.

ఆ ఏడాది వేరుశనగ పూత నుంచి ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసింది. పైపు నీళ్లతో ఒక్క తడి ఇచ్చారు. ఆ ఒక్క తడితో తిమ్మన్న పైరు నిలబడింది. పెద్ద దిగుబడి కాదు. కానీ ఇంటిల్లిపాదీ కూర్చుని కాయలు ఒలుచుకున్నారు.

కోతలయ్యాక తిప్పేష్ కబురు పెట్టాడు. వాళ్ల ఊరివాళ్లు నమ్మడం లేదని, ఒకసారి వచ్చి మాట్లాడమని. జయంతి ప్రయాణం కడుతుంటే బయమ్మ షాపుకు వచ్చింది. ఆ రోజు తర్వాత ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు.

"నేనూ వస్తా" అంది.

"నువ్వెందుకు బయమ్మా అంత దూరం?"

"నువ్వు చెప్తే వాళ్లేం నమ్ముతారు?" అంది బయమ్మ నవ్వకుండా.

ఇద్దరూ కదిరిలో ఒక బస్సు, అనంతపురంలో ఇంకో బస్సు మారి రాయదుర్గంలో దిగారు. తిప్పేష్ స్టాండులో ఎదురుచూస్తున్నాడు. ఫోనులో తప్ప ఎన్నడూ చూడని మనిషి, దారం పోగులు అంటిన చొక్కాతో వచ్చి, "బాగుండారా అక్కా?" అని సంచి అందుకున్నాడు. వాళ్ల ఊర్లో బడి వరండాలో పాతికమంది దాకా కూడారు. జయంతి నీటిజాడ ఎలా పనిచేస్తుందో చెప్పింది. అందరూ మర్యాదగా విన్నారు, ఎవరి మొహంలోనూ నమ్మకం కనబడలేదు. వెనక నుంచి ఒకాయన, "అబద్ధం రాస్తే ఏం చేస్తారు?" అని అడిగాడు.

జయంతి నోరు తెరిచేలోగా బయమ్మ లేచింది.

"రాసినారన్నా. ఈమె పేరు నమ్మి మేము బోరు వేసి చెడిపోయినాం" అంది.

వరండాలో కలకలం రేగింది. జయంతి కదలకుండా కూర్చుంది.

"చూడలేదని ఈమే ఒప్పుకుంది. రెడ్డి కూడా ఒప్పుకున్నాడు, సంతలో అందరి ముందర. మీ ఫోన్లలో ఇప్పుడు తీసి చూడండి, అదంతా ఆడనే ఉండాది. నాకు చదువు రాదు, నా కూతురితో చదివించుకుంటి. దాచిపెట్టి ఉంటే నేను ఈడికి వచ్చేదాన్ని కాదు."

కొందరు నిజంగానే ఫోన్లు తీశారు. తిప్పేష్ వాళ్ల మధ్యకు పోయి ఎక్కడ చూడాలో చూపించాడు. ఇందాక ప్రశ్న అడిగినాయన చాలాసేపు చదివాడు. తర్వాత ముందుకు వచ్చి, వరండా మెట్టు మీద జయంతి పక్కన కూర్చున్నాడు.

"మాది గుట్టకాడ చేను. రెండు వేస్తి, రెండూ పాయ" అన్నాడు.

"పదండి పోదాం. చూసే రాస్తాం" అంటూ జయంతి లేచింది. బయమ్మ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.